నా బిడ్డ కొలిచిన ఐదు తలుపులు

నా బిడ్డ పోయి ఇవాళ్టికి రెండు నెలల పన్నెండు రోజులు. డెంగ్యూ జ్వరం. బుధవారం మొదలైంది, మరుసటి మంగళవారం పొద్దున పది గంటలకు ఆస్పత్రిలో పోయింది. నేనప్పుడు కింద కొబ్బరినీళ్ళు కొట్టించుకుంటున్నాను. పైకి వచ్చేసరికి నర్సమ్మ మంచం పక్కన నిలబడి ఉంది, నా మొహం చూడలేదు. చేతిలో ఉన్న కొబ్బరినీళ్ళు ఎక్కడ పెట్టానో నాకు ఇప్పటికీ గుర్తులేదు. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. నాకు ఆమె ఒక్కతే. వాళ్ళ నాన్న ఆమె పదో తరగతిలో ఉండగానే పోయాడు.

ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్ళలో కొందరు, మీ బిడ్డ ఏం పని చేసేది అని అడిగారు. గోడలు కొలిచేది అని చెప్పాను. వాళ్ళకు అర్థం కాలేదు. చదివే మీకూ కాదు. అందుకే రాస్తున్నాను.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. జ్వరం మొదలైన బుధవారం పొద్దున ఆమె తల బరువుగా ఉందని చెప్పింది. నేను ఒక మాత్ర ఇచ్చి, చాయ్ పోసి పంపించాను. ఆ రోజు హుస్సేనీ ఆలంలో ఒక ఇంట్లో ఐదు తలుపులకు కొలతలు తీయాలి. పోకు బిడ్డా, పడుకో అని నేను అనలేదు. ఆ అనని మాటే రెండు నెలలుగా నన్ను తింటోంది.

మేము యాకుత్‌పురాలో రైలు స్టేషన్ దగ్గర రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటాం. నేను ఇంట్లోనే కూర్చొని లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజుల మీద రాళ్ళు అతుకుతాను. నా బిడ్డ ఇంటర్ అయ్యాక పెద్ద రోడ్డు మీద ఒక తలుపుల దుకాణంలో చేరింది. మొదట్లో ఆమె పని ఫోన్ ఎత్తడం, బిల్లు రాయడం. కొలతలకు మగవాళ్ళే పోయేవాళ్ళు.

మా పాతబస్తీ ఇళ్ళ సంగతి మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. పగలు మగవాళ్ళు పనులకు పోతారు. ఇంట్లో ఆడవాళ్ళే ఉంటారు. కొలతకు వచ్చిన మనిషి ఎంత మంచివాడైనా పరదా దగ్గరే ఆగాలి, సాయంత్రం మగవాళ్ళు వచ్చాక రమ్మంటారు. ఒకసారి ఒక ఇంటివాళ్ళకు మస్తు తొందరగా ఉండి, మేమే లోపల కొలిచి చెబుతాం, మీరు బయట నిలబడి రాసుకోండి అన్నారట. వాళ్ళ దగ్గర ఉన్నది బట్టలు కుట్టే టేపు. అది ఐదడుగులే ఉంటుంది. తలుపు అంతకంటే ఎత్తు. ఐదడుగుల దగ్గర ఒకామె గోడ మీద వేలు పెట్టి పట్టుకుంది, ఇంకొకామె టేపు పైకి జరిపింది, ఈలోపల పొయ్యి మీద పాలు పొంగాయని వేలు పెట్టినామె పరుగెత్తింది. మళ్ళీ వచ్చి వేలు ఎక్కడో పెట్టింది. తలుపు చేసుకొని పోయి బిగిస్తే, కింద పిల్లి తల వంచకుండా దూరిపోయేంత సందు.

ఆ రోజు దుకాణం సేఠ్ తల పట్టుకొని కూర్చొని, కౌంటర్ దగ్గరున్న నా బిడ్డను చూసి, టేపు పట్టడం వచ్చా బేటీ అని అడిగాడు. ఆమె రాదంది. నేర్చుకుంటానంది. తలుపులు బిగించే ముసలి మిస్త్రీ ఉన్నాడు, ఆమె ఆయన్ను చాచా అని పిలిచేది. ఆయన రెండు రోజులు గోదాములో ఆమెకు నేర్పాడు. మూడో రోజు నుంచి ఆమె ఒక్కతే పోయింది. పరదా ఎత్తి లోపలికి రమ్మన్నారు. అట్లా ఆరేళ్ళు.

కొలవడం అంటే టేపు లాగి చూడడమే అనుకునేదాన్ని. ఆమె చెబితే తెలిసింది. పాత చౌకట్టు, అంటే ద్వారబంధం, చెదలు పట్టిపోతే దాన్ని ఊడదీస్తారు. గోడలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కొత్త చౌకట్టు, తలుపు రావాలి. మా దగ్గరి పాత గోడలు సున్నంతో కట్టినవి, మూరెడు మందం. ఏదీ నిలువుగా ఉండదు. ‘ఒక గోడ కడుపు తోసుకుంటదమ్మా, ఇంకో గోడ కాళ్ళు చాపుకుంటది’ అని నవ్వేది. అందుకని వెడల్పు మూడు చోట్ల తీయాలి, కింద, నడుమ, పైన. ఎత్తు రెండు పక్కలా తీయాలి. ఈ మూల నుంచి ఆ మూలకు కూడా చూడాలి. అన్నీ కాయితం మీద రాయాలి, అంగుళాలు, సూత్‌లు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ‘గోడను మూడుసార్లు అడగాలె. మూటిట్ల ఏది తక్కువ చెప్తే అదే నిజం’ అనేది. పని నేర్పింది మిస్త్రీ, మాట మాత్రం ఆమెదే.

తలుపు ఎటు తెరుచుకోవాలన్నది కూడా ఆమే అడిగేది. మగవాళ్ళు ఫోన్‌లో ఎటైనా పర్లేదు అనేవాళ్ళట. ఆమె లోపలికి పోయి, ఇక్కడ ఎవరు పడుకుంటారు, పాలిచ్చే తల్లి ఎక్కడ కూర్చుంటుంది అని అడిగి, ఆ చోట తాను కూర్చొని చూసేది. తలుపు తీస్తే వచ్చినవాళ్ళకు ముందు గోడ కనబడాలి, మంచం కనబడొద్దు. కాయితం మీద దానికి ఒక చిన్న బాణం గీసేది. ఆ బాణం కోసం గంట కూర్చునేది. కొలతకు పది నిమిషాలు, ముచ్చట్లకు రెండు గంటలా అని నేను కోప్పడితే, టేపుకు అన్నీ తెలియవని జవాబు.

కాయితంలో అన్నీ పట్టవు కాబట్టి, దుకాణానికి పోయి మిస్త్రీకి నోటితో కూడా చెప్పేది. ఆ గోడ గుల్లగా ఉంది, అక్కడ మేకు కొట్టకు, ఆ ఇంట్లో చంటిపిల్ల ఉంది, మధ్యాహ్నం సుత్తి పెట్టకు, ఇట్లా. కాయితం సగం, నోటిమాట సగం. వాళ్ళిద్దరి పని అట్లా నడిచేది.

ఆ దుకాణంలో ఒక అలవాటు ఉంది. వెనక గోడకు ఒక పెద్ద మేకు ఉంటుంది. కొలత తప్పి తలుపు పాడైతే ఆ కాయితం ఆ మేకుకు గుచ్చుతారు. ఎవరినీ తిట్టరు. కాయితం అక్కడ వేలాడుతుంటుంది, అంతే. సేఠ్ చిన్నప్పుడు తాను రాసిన కాయితం కూడా అందులో ఉందట, పసుపు పచ్చబడిపోయి. ఆరేళ్ళలో నా బిడ్డవి రెండు ఎక్కాయి. ఎక్కిన రోజు ఆమె అన్నం సరిగా తినేది కాదు.

నా బిడ్డ అన్నింట్లో మంచిది అని రాయను. కప్పుకున్న దుప్పటి ఏనాడూ మడత పెట్టలేదు. బయట మిర్చీ బజ్జీలు తిని వచ్చి తినలేదని చెప్పేది, నూనె మూతి మీదే ఉండేది. మొండిది. ఎవరైనా సుమారు, దాదాపు అంటే ఒప్పుకునేది కాదు. పెసరపప్పు ఎంత పోశావు అంటే గ్లాసున్నర అని నేనంటే, గ్లాసు నిండా పోశావా, తల తీసి పోశావా అని అడిగేది. పెన్సిల్ జడలో గుచ్చుకొని తిరిగేది, రాత్రి నేను తీసి పక్కన పెడితే తప్ప అట్లానే పడుకునేది.

ఒకసారి ఆమె పని మానిపించాలని చూశాను. పెళ్ళి కావాల్సిన పిల్ల ఇల్లిల్లూ తిరుగుతోందని మా వాడలో ఆడవాళ్ళు నా ముందే అనడం మొదలుపెట్టారు. నాకు రోషం వచ్చింది. ఆమెతో లొల్లి పెట్టుకున్నాను, చెప్పరాని మాట ఒకటి అన్నాను. మర్నాడు పొద్దున ఆమె టేపు తీసి బియ్యం డబ్బాలో దాచాను. ఆమె వెతికింది, నా మొహం చూసింది, అడగలేదు. చెప్పులేసుకొని పోయింది.

సాయంత్రం చేతిలో సుతిలి తాడు ఉండతో వచ్చింది. ఒకటే తాడు కాదు, తొమ్మిది ముక్కలు, ప్రతిదానికీ ముడులు. నేను గాజులు పరుచుకొని కూర్చుంటే వాటి పక్కన ఒక్కొక్క ముక్కా వరసగా పెట్టింది.

‘ఇదేంది?’ అన్నాను.

‘షాలిబండల ఒక ఇల్లు. మూడు తలుపులు. ఒక్కో తలుపుకు మూడు తాళ్ళు, వెడల్పుకొకటి, ఎత్తుకొకటి, మూలలకొకటి. ముడి కాడికి కొలత. ఇగ నా టేపు ఇస్తే వీటిని కొలుచుకుంటా. ఇయ్యకపోతే ఈ తాళ్ళే పట్కపోయి చాచాకిస్తా. నా కొలతలు తాళ్ళతోని పోతున్నయని దుకాణంల అందరు నవ్వుతరు. నీ ఇష్టం.’

టేపు తీసి ఇచ్చాను. ఒక కొస నన్ను పట్టుకోమంది. ఆ తొమ్మిది తాళ్ళూ ఇద్దరం కలిసి కొలిచాం. అంగుళం గీత ఏది, సూత్ గీత ఏది అని ఆ రోజే నాకు చూపించింది. మళ్ళీ ఎప్పుడూ పని మానమని నేను అనలేదు.

ఇక ఆ బుధవారం. మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. ఎప్పుడూ ముందు దుకాణానికి పోయి కాయితం ఇచ్చి వచ్చేది, ఆ రోజు నేరుగా ఇంటికే వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. కాళ్ళూ చేతులూ విరిచేసినట్టు ఉన్నాయంది. ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకుపోయాం. శుక్రవారం కాస్త తేరుకున్నట్టు అనిపించింది. అప్పుడు నన్ను అడిగింది, బ్యాగులో కాయితం ఉంది, చాచాకు ఇవ్వమని. ఆయనకు ఒక మాట చెప్పాల్సి ఉందని కూడా అంది. ఇప్పుడేం మాటలు, ఇంటికి పోయాక చెబుదువు లే అన్నాను. ఆ సాయంత్రమే పోయి కాయితం దుకాణంలో ఇచ్చి వచ్చాను. తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తే స్థితిలో లేదు.

ఆమె పోయిన మూడు వారాలకు మిస్త్రీ మా ఇంటికి వచ్చాడు. గడప బయటే స్టూలు మీద కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తాగకుండా చేతిలో పట్టుకున్నాడు. మేమిద్దరం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం, నేను తెలుగులో రాస్తున్నాను. హుస్సేనీ ఆలం ఇంటి తలుపులు తయారయ్యాయని, నిన్న మగవాళ్ళు ఉన్నప్పుడు తీసుకుపోయామని చెప్పాడు.

‘కొలత తప్పింది బహెన్. ఎత్తు మూడు అంగుళాలు తక్కువొచ్చింది. ఒకటి కాదు, ఐదిటికీ గట్లనే. రెండు నిలబెట్టి చూసి తీసేసిన. పైన చెయ్యి దూరుతది.’

ఆయనే మళ్ళీ అన్నాడు, సేఠ్‌కు కోపం లేదని, ఆ రోజు పిల్లకు జ్వరం కదా, ఏం తెలుస్తుంది అన్నాడని, నష్టం దుకాణమే పెట్టుకుంటుందని, ఆ కాయితం మేకుకు గుచ్చొద్దని కూడా చెప్పాడని. వాళ్ళు మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం అది నచ్చలేదు. వాళ్ళు ఆమెను క్షమిస్తున్నారు. ఆమె బతికి ఉంటే ఆ క్షమ తీసుకునేది కాదు. ఇంకొకటి, అది నాకే తెలుసు. ఐదు తలుపులూ మొదటి నుంచీ తప్పు కొలిచిందంటే, ఆమెకు పొద్దున్నే ఒంట్లో బాగా లేనట్టు. అంకెలు కనబడనంత బాగా లేనట్టు. అట్లాంటి బిడ్డ చేతికి నేను ఒక మాత్ర ఇచ్చి పనికి పంపినట్టు.

నేను ఆ ఇంటికి వస్తానన్నాను. ఎందుకు బహెన్ అన్నాడు. చూడాలి అన్నాను.

మర్నాడు పదకొండింటికి పోయాం. మగవాళ్ళు లేరు. మిస్త్రీ పరదా బయట ఆగిపోయాడు, నన్ను లోపలికి రమ్మన్నారు. నడుమ వాకిలి, చుట్టూ గదులు, నల్లరాతి బండలు పరిచిన నేల. చౌకట్లు వరండాలో గోడకు ఆనించి ఉన్నాయి. నేను సంచిలోంచి ఆమె టేపు తీశాను. మిస్త్రీ కాయితం చూసి బయట నుంచి చదువుతుంటే, లోపల నేను ఒక్కొక్క ఖాళీ ఎత్తూ తీశాను. కాయితంలో ఆరడుగుల నాలుగు అంగుళాలు. టేపు మీద ఆరడుగుల ఏడు. రెండోది అంతే. మూడోది అంతే. ఐదూ అంతే. ప్రతిసారీ నేను అంకె చెప్పగానే పరదా అవతల మిస్త్రీ గొంతు ఇంకొంచెం తగ్గిపోతోంది.

ఆ ఇంట్లో ఒక ముసలామె ఉంది, ఆ ఇంటి మగవాళ్ళకు తల్లి. మంచం మీద కూర్చొని నన్నే చూస్తోంది. ఎవరు ఈమె అని కోడలిని అడిగింది. కొలతల పిల్ల తల్లి అని కోడలు చెవి దగ్గర గట్టిగా చెప్పింది. ముసలామె నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని నా చెయ్యి పట్టుకుంది. తర్వాత, ఏం కొలుస్తున్నావు బేటీ అని అడిగింది. ఎత్తు తప్పిందట, అది చూస్తున్నానని చెప్పాను.

‘ఎవలన్నరు తప్పని? నేల లేపాలె గద.’

నాకు అర్థం కాలేదు. ఆమె నిదానంగా చెప్పింది. ఆ ఇంట్లో ప్రతి వానకూ వాకిట్లో నీళ్ళు గదుల్లోకి వస్తాయి. నేల ఎత్తు పెంచమని ఆమె ఐదేళ్ళుగా కొడుకును అడుగుతోంది. ఆ బుధవారం నా బిడ్డ ఆమె పక్కన కూర్చొని, కింద ఇంకేమన్నా వేస్తారా దాదీ అని అడిగిందట. ఈమె ఈ గోడు అంతా చెప్పింది. నా బిడ్డ లేచిపోయి గోడ మీద నీళ్ళ మరక ఎంత ఎత్తుందో టేపు పెట్టి చూసి, రెండున్నర అంగుళాలు ఉంది, మూడు లేపితే నీళ్ళు రావు అని చెప్పిందట. ఆ సాయంత్రం ముసలామె కొడుకుతో గట్టిగా మాట్లాడి ఒప్పించింది. కొడుకు వానలు తగ్గాక వేయిస్తానన్నాడు. తలుపులకూ నేలకూ సంబంధం ఉందని మాత్రం ఆయనకు తట్టలేదు. దుకాణానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఆస్పత్రిలో ఉంది.

పరదా అవతల మిస్త్రీ అంతా విన్నాడు. కాయితం మళ్ళీ విప్పిన చప్పుడైంది.

‘బహెన్, కాయితంల ప్రతి తలుపు కింద రెండు గీతలున్నయి. నేల అంటే ఒకటే గీత పెట్టేది. నేను చూసిన. జొరంల చెయ్యి వణికి రెండుసార్లు గీసిందనుకున్న. రెండోది కొత్త నేలది.’

ఆ మాటతో ఆయన ఏడ్చాడు. నాకు వినబడింది. నేను ఏడవలేదు. నాకు ఊపిరి ఆడింది. నా బిడ్డకు ఆ పొద్దున అన్నీ కనబడ్డాయి, ముసలామె గోడు కూడా వినబడింది. కోడలు చాయ్ తెచ్చింది, తాగాను. మూడు వారాల తర్వాత ఆ రోజే చాయ్ రుచి తెలిసింది.

లేవబోతుంటే ముసలామె ఇంకో మాట చెప్పింది. నాలుగు తలుపులు కొలిచాక పిల్ల వెనక స్నానాల గది దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయిందట. మంచినీళ్ళు అడిగిందట. ఈమె ‘బైఠ్ జా బేటీ, కల్ ఆ’ అందట, కూర్చో, రేపు వద్దువు గానీ అని. ఒకటే మిగిలింది దాదీ, అయిపోతుంది అని లేచిందట.

నేను మిస్త్రీ దగ్గర కాయితం అడిగి తీసుకున్నాను. నాలుగు తలుపుల దగ్గరా వెడల్పుకు మూడేసి అంకెలు ఉన్నాయి. ఐదో దాని దగ్గర ఒకటే ఉంది. రెండడుగుల ఆరు. మూడుసార్లు అడగాలి అన్న పిల్ల ఒక్కసారే అడిగింది.

స్నానాల గది దగ్గరికి పోయి టేపు పెట్టాను. నడుమ రెండడుగుల ఆరు, సరిగ్గానే ఉంది. వంగి కింద పెట్టాను. రెండడుగుల నాలుగున్నర. అక్కడ గోడ కాళ్ళు చాపుకొని ఉంది. చౌకట్టు అందులో దిగదు. నా బిడ్డ నిలబడి చెయ్యి చాపినంత మేరకే కొలిచింది. కిందికి వంగలేకపోయింది.

నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను. ఆమె పనికి పోయిన పొద్దున ఇంట్లో నా చేతిలోంచి గాజుల రాళ్ళ గిన్నె జారి, నేలంతా రాళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఆమె తల బరువంటూనే వంగి మంచం కిందివి కూడా ఏరి గిన్నెలో పోసింది, తర్వాతే పోయింది. అంటే ఇంటి నుంచి పోయేటప్పుడు వంగగలిగింది. మధ్యాహ్నానికి వంగలేకపోయింది. ఆ రెండింటి నడుమ నాలుగు తలుపులు ఉన్నాయి. నా తప్పు ఎంత అని నన్ను నేను అడిగితే ఇప్పుడు అంతవరకు చెప్పుకోగలను. లేవలేని బిడ్డను నేను పంపలేదు. కానీ పోవద్దని అనాల్సింది. రెండూ నిజమే. ఒకదాన్ని తీసి ఇంకొకదాన్ని ఉంచుకోలేను.

బయటికి వచ్చి మిస్త్రీకి చెప్పాను, ఐదోది తప్పని. ఆయన తల అడ్డంగా ఊపాడు. గోడ కింద కొంచెం చెక్కేస్తే సరిపోతుందని, ఎవరికీ తెలియదని అన్నాడు.

‘నాకు తెలుస్తది భాయ్. ఆమెకు తెలిస్తే ఊకోదు. కాయితం మేకుకే గుచ్చుండ్రి. నాలుగు సక్కగున్నయి, ఐదోది తప్పు అని రాసి గుచ్చుండ్రి.’

సేఠ్ ముందు ఒప్పుకోలేదట. చనిపోయిన పిల్ల కాయితం అక్కడ పెట్టడం ఏం బాగుంటుందన్నాడట. మిస్త్రీ, తల్లే చెప్పింది అన్నాక, ఆయనే నేను చెప్పినట్టు రాసి ఆ మేకుకు గుచ్చాడు. నేను పోయి చూశాను. ఆమె చేతిరాత పక్కన ఆయన చేతిరాత. అక్కడున్న కాయితాల్లో తప్పుతో పాటు ఒప్పు కూడా రాసి ఉన్నది అదొక్కటే.

ఐదో తలుపుకు మళ్ళీ కొలత కావాలి. ఆ ఇంట్లో పగలు మగవాళ్ళు ఉండరు. నేనే తీశాను. కింద, నడుమ, పైన. ఎత్తు రెండు పక్కలా. మూల నుంచి మూలకు. చేయి అలవాటు లేక ఒక్కొక్కటీ రెండేసి సార్లు చూసుకున్నాను. నేల గీతలు రెండు గీశాను. బాణం ఎటు పెట్టాలని కోడలిని అడిగాను. ఆ పిల్లను ఎవరూ ఎప్పుడూ అట్లా అడిగినట్టు లేదు, కాస్త సిగ్గుపడి చెప్పింది.

దుకాణంలో కొలతలకు ఇప్పుడు ఎవరు పోతున్నారని కొందరు నన్ను అడిగారు. సేఠ్ నన్ను రమ్మన్నాడు. నాకు అంత చదువు లేదు, మోకాళ్ళు కూడా సహకరించవు. వేరే ఆడపిల్లను చూసుకోమన్నాను. చూసుకున్నారు. కొత్తపిల్ల ఒకసారి మా ఇంటికి వచ్చి, గోడలు వంకరగా ఉంటే ఎట్లా అక్కా అని నన్ను అడిగింది. మూడుసార్లు అడగాలి అని చెప్పి పంపాను.

పోయిన ఆదివారం ముసలామె కబురు పంపింది. నేల వేయడం అయిపోయింది, తలుపులు ఎక్కాయి, ఒకసారి వచ్చి చూడమని. పోయాను. కొత్త బండలు ఇంకా సున్నం వాసన వస్తున్నాయి. ఐదు తలుపులూ నేలకు వేలెడు సందు కూడా వదలకుండా దిగాయి. మిస్త్రీ ఆ రోజు అక్కడ లేడు. కోడలు ఒక్కో తలుపూ మూసి తీసి చూపించింది. ఎక్కడా రాసుకోలేదు.

ముసలామె మంచం దిగి, గోడ పట్టుకొని నడిచి వచ్చింది. తన గది తలుపును ఒక్క వేలితో తోసింది. అది మెల్లగా పోయింది, సగం దూరం పోయి ఆగింది. వంకరగా బిగించిన తలుపు అట్లా ఆగదు, తెరిచిన పక్కకో మూసిన పక్కకో తనంతట తానే పోతుంది. ముసలామె చెయ్యి తీసేసింది. వాకిట్లో గాలి వస్తోంది, తీగ మీద ఆరేసిన బట్టలు కదులుతున్నాయి. మేము ముగ్గురం నిలబడి చూస్తున్నాం. తలుపు వదిలిన చోటే ఉంది.